సత్యభామ జడ, ఎల్లమ్మ కొడ

భామాకలాపంలో సత్యభామ కంటే ముందు ఆమె జడ వస్తుంది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. పాత్ర తెర వెనకాలే ఉంటుంది. తెర మీదుగా పొడవాటి జడ ఒక్కటే మన వైపు పడుతుంది. నన్ను గెలిచేవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి ఈ జడ కోసుకోవచ్చు అని సభకి విసిరిన సవాలు అది అని కూచిపూడి పెద్దలు చెబుతారు. ఆ తరువాత ప్రవేశ దరువు, ఆ తరువాతే సత్యభామ ముఖం. పరీక్షలో ఇది ఐదు మార్కుల ప్రశ్న. మనమంతా చదివిందే.

ఆ జడ వేసుకున్నది తరతరాలుగా మగవాళ్ళు అనే సంగతి కూడా మన నోట్సులో ఉంది. "పూర్వం స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు." ఒక్క వాక్యం, పక్కన ఫుల్‌స్టాప్. ఈ వ్యాసం ఆ ఫుల్‌స్టాప్ తరువాత ఏముంది అని వెతకడానికి రాస్తున్నాను. దానికి మూడు చోట్లకి వెళ్ళాలి. కూచిపూడికి, మా బీదరు వైపుకి, అమెరికాలో అలబామా అనే రాష్ట్రానికి. చివర్లో మన వార్షికోత్సవం స్కిట్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు నాకు ఈ పని పెట్టింది ఆ స్కిట్టే.

ముందు కూచిపూడి. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉన్న ఈ ఊళ్ళో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళు మేళాలు కట్టి ఊరూరా తిరిగి కలాపాలు ఆడేవారు. సిద్ధేంద్రయోగి ఆ ఇళ్ళలోని మగపిల్లల చేత, జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కడతామని మాట తీసుకున్నాడని ఐతిహ్యం. అంటే ఆడవేషం కట్టడం అక్కడ సరదా కాదు, చిన్నతనం కాదు. వంశంలో పుట్టినందుకు తీర్చుకోవలసిన బాకీ.

ఆ బాకీని అందరికంటే ఘనంగా తీర్చినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. సత్యభామ, ఉష, మోహిని, ఏ వేషమైనా ఆయనదే. 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. 2012లో కాలం చేశారు. ఆయన పాత రికార్డింగులు చూస్తే, మగవాడని తెలిసి కూర్చున్నా రెండు నిమిషాలకి ఆ సంగతి మరిచిపోతాం. సత్యభామ అలిగి మెడ తిప్పడం, జడని ఒక చేత్తో ముందుకి తెచ్చుకుని చూసుకోవడం, కృష్ణుడి పేరు చెప్పలేక సిగ్గుపడడం... మనలో ఎంతమందికి అంత సొగసుగా సిగ్గుపడడం వచ్చు? (నాకైతే రాదు. మా అవ్వ ఒప్పుకుంటుంది.)

కూచిపూడిలోనే కాదు, పద్యనాటకంలోనూ ఇదే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా, కన్యాశుల్కంలో మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఊపేశారు. ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చింది ఆడవేషాలకే అని గమనించండి.

ఇక్కడ ఒక షరతు ఉంది. ఆ షరతు ఎక్కడా రాసి ఉండదు. వేషం కట్టాలి, కట్టినవాడు తెల్లవారేసరికి విప్పాలి. సత్యభామ తెల్లారి పంచె కట్టుకుని ఇంటి యజమానిగా వీధిలోకి రావాలి. పెళ్ళి, పిల్లలు, సంధ్యావందనం, అన్నీ యథావిధిగా ఉండాలి. రాత్రి ఎంత ఆడదిగా కనిపిస్తే అంత గొప్ప, పగలు కొంచెం ఆడతనం కనిపించినా అంత తక్కువ.

ఈ మాటే పరిశోధన చేసి చెప్పిన పుస్తకం ఒకటి ఉంది. హర్షిత కామత్ అనే పరిశోధకురాలు 2019లో "ఇంపర్సనేషన్స్" అనే పేరుతో ఇంగ్లీషులో ప్రచురించారు. కూచిపూడి ఊళ్ళో స్త్రీవేషం మగతనాన్ని తగ్గించదు, పైగా ఆ ఊరి బ్రాహ్మణ పురుషుడికి గౌరవం, అధికారం తెచ్చిపెడుతుంది అని ఆవిడ వాదన. నాకు ఇంకా నచ్చింది చివరి అధ్యాయం. అందులో ఆ ఊరి ఆడవాళ్ళు ఉంటారు. భర్తలు, తండ్రులు, అన్నదమ్ములు ఆడవాళ్ళలా నాట్యం చేసి పేరు తెచ్చుకున్నారు. ఆ ఇళ్ళలో నిజంగా ఆడవాళ్ళైనవాళ్ళు మాత్రం ఆడలేదు, చూశారు. అడుగులు తెలుసు, పాటలు తెలుసు, వేదిక మాత్రం వాళ్ళది కాదు.

మరి ఆడవాళ్ళెవరూ నాట్యం చేయలేదా? చేశారు. కళావంతుల స్త్రీలు గుళ్ళలో, పెళ్ళిళ్ళలో, జమీందారుల సభల్లో చేశారు. భామాకలాపం వాళ్ళ దగ్గరా ఉండేది. 1947లో మద్రాసు ప్రెసిడెన్సీలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. గుడికి ఆడపిల్లల్ని అంకితం చేయడం ఆగాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ చట్టంతో పాటు వాళ్ళ ఆట కూడా తప్పు పనుల లెక్కలోకి పోయింది. అదే కాలంలో కూచిపూడి మగవాళ్ళ సత్యభామ జాతీయ కళ అయింది. ఒకే పాత్ర, ఒకే దరువు. వృత్తిగా చేసే స్త్రీ చేస్తే నేరం, బ్రాహ్మణ పురుషుడు చేస్తే శాస్త్రీయం.

తరువాత వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడపిల్లలకి నేర్పారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఈ రోజు కూచిపూడి క్లాసుకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఈ భాగం మనకి బాగా తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను.

భామాకలాపం వదిలే ముందు ఇంకో పాత్ర గురించి చెప్పాలి. సూత్రధారుడు. అతను సత్యభామ దగ్గరికి చెలికత్తె మాధవిగా వస్తాడు. అదే మనిషి కృష్ణుడి దగ్గరికి వెళ్ళేసరికి చెలికాడు మాధవుడు అవుతాడు. మధ్యలో గ్రీన్‌రూమ్‌కి వెళ్ళి చీర కట్టుకుని రావడం ఏమీ ఉండదు. మాటతో మారిపోతాడు. సభ కూడా ఎక్కడా తికమక పడదు. ఇవాళ కొందరు "ఆడా మగా తేలని మనుషులు మన సంస్కృతిలో లేరు, ఇదంతా విదేశీ ఫ్యాషన్" అంటుంటారు కదా. వాళ్ళని ఒకసారి భామాకలాపం చూడమనాలి.

ఇప్పుడు కృష్ణా జిల్లా నుంచి పడమరగా రండి. మాది బగ్దల్, బీదరు జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, అంగట్లో దక్కనీ ఉర్దూ, పెళ్ళిళ్ళకి వచ్చే చుట్టాలతో మరాఠీ. మా వైపు భామాకలాపం లేదు. మాకున్నది ఎల్లమ్మ. రేణుక అని కూడా అంటాం. జమదగ్ని కథ, పరశురాముడు తల్లి తల నరకడం, మీకు తెలిసిన కథే. తెలంగాణలో బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ చెబుతారు. కర్ణాటకలో జోగతులు చౌడికె వాయిస్తూ పాడతారు. రెండూ దగ్గర చుట్టాల్లాంటి వాద్యాలు, ఒక్కటే అమ్మవారు.

జోగతుల్లో ఆడవాళ్ళు ఉంటారు, మగవాళ్ళుగా పుట్టి చీర కట్టినవాళ్ళూ ఉంటారు. వాళ్ళని జోగప్ప అని, జోగమ్మ అని రెండు విధాలా పిలుస్తారు. నెత్తిన ఎల్లమ్మ కొడ ఉంటుంది. కొడ అంటే కన్నడంలో బిందె. ఇత్తడి కొడ మీద అమ్మవారి ముఖం, చుట్టూ పూలు, పసుపు, కుంకుమ. దాన్ని చేత్తో పట్టుకోకుండా తల మీద నిలబెట్టి ఆడడమే జోగతి నృత్యం. మా వాకిట్లోకి జోగతులు వచ్చినప్పుడు పిల్లలు గుంపు కట్టి నవ్వితే మా అవ్వ కసిరేది: "నవ్వకుర్రి బిడ్డా, అమ్మ ఎక్కిన మనిషి." చాటలో జొన్నలు పోసి కాళ్ళకి మొక్కేది. అదే మనిషి బస్టాండులో కనిపిస్తే ఆ మొక్కు ఉండదు. కొడ నెత్తిన ఉన్నంతసేపే ఆ గౌరవం.

చూడండి, మళ్ళీ అదే షరతు. కూచిపూడిలో వేషం విప్పితే గౌరవం, ఇక్కడ కొడ దించితే అగౌరవం. పైకి ఎదురుబొదురుగా ఉన్నా లోపల ఒకటే. ఆడతనం ఒక చోటికి, ఒక గంటకి కట్టుబడి ఉంటే సరే. మనిషిని అంటుకుని ఇంటిదాకా వస్తేనే చిక్కు.

ఇక్కడ వ్యాకరణం చదివే మనకి ఒక ముచ్చట. మా అవ్వ జోగమ్మ "వచ్చింది" అనేది. మా నాయన "వచ్చిండు" అనేవాడు. మన తెలుగులో ఏకవచనంలో స్త్రీవాచకం అమహత్తుతో కలిసిపోతుంది. మనిషి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, క్రియ ఒకటే. మగవాడికి మాత్రం విడిగా "డు" ఉంది. బహువచనానికి వచ్చేసరికి ఆడా మగా తేడా లేదు, అందరూ "వచ్చారు". చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అని విడగొట్టినప్పుడు జోగమ్మ గుర్తొచ్చి ఉండదు. కానీ భాషలో దారి అప్పటికే ఉంది. గౌరవంగా "వారు వచ్చారు" అంటే చాలు, లింగం ఏమిటో తేల్చే పనే లేదు. కొత్త పదం కనిపెట్టాల్సిన పని లేదు, మర్యాద ఒకటి ఉంటే సరిపోతుంది.

అలా అందరిచేతా "వారు" అనిపించుకున్న జోగతి ఒకరున్నారు. బి. మంజమ్మ జోగతి గారు. బళ్ళారి దగ్గర కల్లుకంబ ఊళ్ళో మగపిల్లవాడిగా పుట్టారు. చిన్నప్పటినుంచీ ఆడపిల్లల్లో ఆడపిల్లలా మెలిగితే ఇంట్లోవాళ్ళు కొట్టారు, కట్టేశారు. చివరికి హొసపేట దగ్గర హులిగమ్మ గుడికి తీసుకెళ్ళి ముత్తు కట్టించారు, అంటే జోగప్పగా దేవికి అంకితం చేశారు. ఆ రోజు నుంచి ఇంటికి ఆ కొడుకు లేనట్టే. మంజమ్మ గారు విషం తాగారు. బతికారు. ఇల్లు వదిలి అడుక్కుని తిన్నారు. దావణగెరె బస్టాండులో ఒక తండ్రీ కొడుకూ జోగతి నృత్యం చేస్తుంటే చూసి, వాళ్ళ వెంటపడి నేర్చుకున్నారు. తరువాత కాళవ్వ జోగతి అనే గురువు దొరికారు. అమ్మవారి పేరున వాకిళ్ళలో అడుక్కునే ఆటని వాళ్ళు వేదిక మీదికి తెచ్చారు. బృందం కట్టి ఊళ్ళూ జాతరలూ తిరిగారు.

2010లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం. 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్ష పదవి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ట్రాన్స్ మహిళ ఆవిడే. 2021లో పద్మశ్రీ. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో అవార్డు తీసుకోవడానికి వెళ్ళి, రాష్ట్రపతి ఎదుట నిలబడి చీర కొంగుతో ఆయనకి దిష్టి తీశారు. అదంతా టీవీలో చూసే ఉంటారు. వాకిట్లో జొన్నలు పెట్టినవాళ్ళకి జోగతులు ఇచ్చే దీవెనే అది. అంత పెద్ద హాల్లో, అందరూ నేర్చుకున్న నమస్కారం పెట్టి ఫోటో దిగి వెళ్ళిపోయే చోట, ఆవిడ తన వీధి అలవాటు దాచుకోలేదు.

సత్యనారాయణ శర్మ గారి పద్మశ్రీకీ మంజమ్మ గారి పద్మశ్రీకీ మధ్య 51 ఏళ్ళు. మొదటిది చీర విప్పి పంచె కట్టుకోగలిగిన మనిషికి వచ్చింది. రెండోది విప్పనని మొండికేసిన మనిషికి వచ్చింది. ఎవరు గొప్ప అని నేను పోల్చడం లేదు. శర్మ గారి కళ శర్మ గారిదే.

బళ్ళారి అనగానే మన డిపార్ట్‌మెంట్‌లో ఇంకో పేరు వినిపిస్తుంది. బళ్ళారి రాఘవ. నాటకంలో ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టినవాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయన పక్కన నటించారు. ఆ రోజుల్లో సంసార స్త్రీ నాటకం వేయడమంటే ఏమిటో ఊహించుకోండి. రాఘవ గారి వాదం మన కోసమే. మగవాడు మన పాత్ర కూడా ఆక్రమించుకుని మనల్ని ప్రేక్షకుల్లో కూర్చోబెట్టాడు అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ మంజమ్మ గారు ఎవరి పాత్రా ఆక్రమించలేదు. ఆవిడ పాత్ర వేయడం లేదు. రాఘవ గారి వాదాన్ని తెచ్చి జోగమ్మల మీద పెట్టడం కుదరదు. ఈ రెండూ కలిపేస్తే చర్చ ఎటూ పోదు, మొన్న క్లాసులో జరిగింది అదే.

ఇప్పుడు చట్టం సంగతి. నేను చదివిన వాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. ఫస్లీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలి. అలా రాసిన మనిషి ఆడబట్టలు కట్టుకుని లేదా నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే, లేదా నలుగురు చూసే చోట ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ళ వరకు జైలు. మళ్ళీ చదవండి, ఆడితే జైలు. అప్పుడు మా బీదరు కూడా నిజాం రాజ్యంలోదే, 1956లోనే మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇంచుమించు అవే రోజుల్లో, సరిహద్దుకి అవతల బ్రిటిష్ ఆంధ్రలో స్థానం వారు మొదటి ఆడవేషాలు వేస్తున్నారు. అక్కడ చప్పట్లు, ఇక్కడ సంకెళ్ళు.

ఆ చట్టం నిజాంతో పాటు పోయిందనుకుంటాం. పోలేదు. తెలంగాణ ప్రాంత చట్టంగా ఆంధ్రప్రదేశ్ కాలమంతా ఉంది, తెలంగాణ రాష్ట్రం వచ్చాక కూడా ఉంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి తమ లింగం తామే చెప్పుకునే హక్కు ఉందన్నాక కూడా ఉంది. వైజయంతి వసంత మొగ్లి గారు, మరికొందరు 2018లో కోర్టుకి వెళ్ళారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వాళ్ళకి ఆసరా పింఛను ఇమ్మని, చదువులో ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించమని కూడా చెప్పింది. 2023 అంటే మనం స్కూల్లో ఉన్న కాలం. ఇటు కర్ణాటకలో 2021లోనే ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒక శాతం కేటాయించారు.

ఇక టీవీ. అలబామా రాష్ట్రంలో మొబైల్ అనే ఊరుంది (మన సెల్‌ఫోన్‌కి సంబంధం లేదు). అక్కడ అయిదుగురు నల్లజాతి యువకులు "ప్రాన్సింగ్ ఎలీట్స్" అనే డాన్స్ బృందంగా ఏర్పడ్డారు. మెరిసే బిగుతు బట్టలు, మేకప్, నడుము ఊపు. తమని తాము ఆడ మగ గీతల్లో ఇమడని మనుషులమని చెప్పుకున్నారు. 2013లో బాస్కెట్‌బాల్ ఆటగాడు షకీల్ ఓనీల్ వాళ్ళ వీడియో పంచుకోవడంతో దేశమంతా చూసింది. 2015 ఏప్రిల్‌లో ఆక్సిజన్ ఛానల్ వాళ్ళ మీద "ద ప్రాన్సింగ్ ఎలీట్స్ ప్రాజెక్ట్" అనే రియాలిటీ సిరీస్ మొదలుపెట్టింది. రెండు సీజన్లు నడిచింది.

వాళ్ళ నాట్యానికీ ఒక వంశవృక్షం ఉంది. మిసిసిప్పిలోని జాక్సన్ స్టేట్ యూనివర్సిటీ బ్యాండు ముందు అమ్మాయిలు కర్రలు తిప్పుతూ నడిచేవారు. 1970 ప్రాంతంలో షర్లీ మిడిల్‌టన్ అనే ఆవిడ నాయకత్వంలో ఆ అమ్మాయిలు కర్రలు పక్కన పెట్టి, ఉత్త చేతులతో నాట్యం చేస్తామన్నారు. అదే జె-సెట్ అయింది. ముందున్నామె ఒక అడుగు ఎత్తుకుంటుంది, వెనకవాళ్ళు ఒకరి తరువాత ఒకరు అందుకుంటారు. మన బతుకమ్మలో ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టు. ఆ ఆడపిల్లల ఆటని ఇష్టపడి నేర్చుకున్న మగపిల్లలు క్లబ్బుల్లో ఆడుకునేవారు. ఈ అయిదుగురూ దాన్ని పట్టపగలు వీధిలోకి తెచ్చారు.

గొడవ కూడా అక్కడే మొదలైంది. చీకట్లో క్లబ్బులో ఆడినంతకాలం ఎవరికీ పట్టలేదు. మొబైల్ పక్కనున్న చిన్న ఊరి క్రిస్మస్ ఊరేగింపులో, పిల్లాపాపలతో కుటుంబాలు చూస్తుండగా ఆడేసరికి ఊరు భగ్గుమంది. సిరీస్‌లో చూడండి, వాళ్ళు ఊరేగింపుల్లో చోటు అడుగుతూ ఉంటారు, చోటు ఇవ్వనివాళ్ళు ఇవ్వకుండానే ఉంటారు. అయినా వెళ్ళి రోడ్డు పక్కన నిలబడి ఆడతారు. జనం అరుస్తుంటే వాళ్ళ ముఖాల్లో నవ్వు చెదరదు, నాట్యం చేసేవాళ్ళకి అదీ శిక్షణలో భాగమే కదా. నాకు నచ్చింది ఒకటే. ఆ సిరీస్‌లో వాళ్ళ అడుగుని చూపించి ప్రేక్షకుల్ని నవ్వించరు. అడుగు తప్పితే నాయకుడు తిడతాడు, మళ్ళీ చేయిస్తాడు. అంటే నాట్యాన్ని నాట్యంగానే చూపించారు. రియాలిటీ షో కదా, గిల్లికజ్జాలు, ఏడుపులు, కావాలని సాగదీసిన సీన్లు కూడా ఉన్నాయి. అవి లేకపోతే ఛానల్‌కి పొద్దుపోదు.

వాళ్ళకి పురాణం అండ లేదు. సత్యభామ పేరు చెప్పుకోలేరు, నెత్తిన ఎల్లమ్మ కొడ లేదు. దేవత పేరు లేకుండా, వేషం అనే సాకు లేకుండా, "మాకు ఇలా ఆడాలని ఉంది" అనే ఒక్క కారణంతో వీధిలో నిలబడ్డారు. మన దగ్గర అలా నిలబడిన నాట్య బృందానికి టీవీలో ఒక సిరీస్ వచ్చిందా అని ఆలోచించాను. మన టీవీలో "లేడీ గెటప్" ఉంది. మగవాడు చీర కట్టుకుని వస్తాడు, పక్కవాడు అతని ఒళ్ళు గురించి ఏదో అంటాడు, జడ్జీలు పగలబడి నవ్వుతారు. అక్కడ ఎవరూ ఆడదానిగా నటించరు, ఆడదాన్ని వెక్కిరిస్తారు. శర్మ గారి సత్యభామకీ దీనికీ పోలికే లేదు. అయినా ఆ గెటప్‌ల నుంచే ఒకరు బయటపడ్డారు. కామెడీ షోలో లేడీ గెటప్‌లతో పేరు తెచ్చుకున్న ప్రియాంక సింగ్ గారు ట్రాన్స్ మహిళగా 2021లో తెలుగు బిగ్ బాస్ ఐదో సీజన్‌లోకి వచ్చారు. అంతకు ముందు 2019లో మూడో సీజన్‌లో తమన్నా సింహాద్రి గారు ఉన్నారు. ప్రియాంక గారు ఆ ఇంట్లో వంట చేస్తూ, అలుగుతూ, ఆటలాడుతూ అందరిలో ఒకరిగా ఉండడం మా హాస్టల్‌లో కొన్ని వారాలపాటు రోజూ చర్చే. మొదటి వారం చర్చ "ఆమెనా, అతనా" అని. నాలుగో వారానికి చర్చ "ఈసారి నామినేషన్‌లో తనని ఎవరు వేశారు" అని. ఇంతకంటే పెద్ద మార్పు నేను ఏ పాఠంలోనూ చూడలేదు.

ఇక మన స్కిట్. వార్షికోత్సవానికి మనం రాసుకున్న పెళ్ళి స్కిట్‌లో మూడో సీను ఉంది కదా. ఇద్దరమ్మాయిలు హిజ్రాల వేషంలో చప్పట్లు కొడుతూ వస్తారు, పెళ్ళికొడుకుని పట్టుకుంటారు, వాడు పారిపోతాడు. రిహార్సల్‌లో అన్నిటికంటే ఎక్కువ నవ్వు వచ్చింది ఆ సీనుకే. అదే స్కిట్‌లో నాలుగో సీనులో మన క్లాసు అమ్మాయి మీసాలు గీసుకుని మామగారి వేషం వేస్తుంది. దానికి ఎవరూ నవ్వలేదు, బాగా చేసింది అన్నారు. ఆడపిల్ల మీసం పెట్టుకుంటే నటన, మగపిల్లవాడు కాటుక పెట్టుకుంటే కామెడీ. ఆడతనం వైపుకి దిగితేనే నవ్వు ఎందుకు వస్తుంది? మహిళా కళాశాలలో కూర్చుని మనం అడగాల్సిన ప్రశ్న ఇది కాదా? ఆ నవ్వులో కొంత మన మీద కూడా పడుతోంది కదా.

సీను మొత్తం తీసేయమని నేననడం లేదు. పెళ్ళింటికి వాళ్ళు రావడం నిజం, దీవించడం నిజం. స్కిట్ రాసిన అక్కలతో మాట్లాడాను. నా ప్రతిపాదన ఇది. వాళ్ళు రావాలి. పెళ్ళికొడుకు పారిపోకూడదు. ఇంటి ముసలావిడ చాటలో బియ్యం, పసుపు కుంకుమ పెట్టాలి, "రండమ్మా" అనాలి, "వచ్చిండ్రు" అని అందరితో కలిపి చెప్పాలి. ఇద్దరిలో ఒకరు రెండు నిమిషాలు ఆడాలి, నిజంగా ఆడాలి. కూచిపూడి నేర్చుకుంటున్న ఫస్టియర్ అమ్మాయి ఒప్పుకుంది. తరువాత కొంగుతో పెళ్ళికూతురికి దిష్టి తీసి వెళ్ళిపోవాలి. నవ్వు కావాలంటే మామగారి మీసం ఊడిపోయేలా రాసుకుందాం.

శుక్రవారం నాలుగింటికి సెమినార్ హాల్లో రిహార్సల్. మేడమ్ కూడా వస్తామన్నారు. మూడో సీను రెండు విధాలుగా వేసి చూద్దాం, ముందు పాతది, తరువాత కొత్తది. ఏది ఉంచాలో అక్కడే చెయ్యెత్తి చెప్పండి.

— బి.ఏ. తృతీయ సంవత్సరం, తెలుగు (బగ్దల్)